రాజ్యం, ఊరు, గోడ: టస్కనీ కళాయాత్రకు చారిత్రక పునాదులు

ఉపోద్ఘాతం

మధ్య ఇటలీలోని టస్కనీ ప్రాంతం కళాయాత్రలకు ప్రసిద్ధి. ఫ్లోరెన్స్, పీసా, సియెనా, అరెజ్జో, సాన్‌సెపొల్‌క్రో మొదలైన పట్టణాలలో మధ్యయుగాల నుంచి పునరుజ్జీవన కాలం వరకు రూపొందిన చిత్రాలు, శిల్పాలు, కట్టడాలు ఈనాటికీ పెద్దసంఖ్యలో నిలిచి ఉన్నాయి. ఈ సమృద్ధికి కారణంగా ఆ కాలపు కళాకారుల ప్రతిభను, మెదిచీ వంశం వంటి పోషకుల ఔదార్యాన్ని పేర్కొనడం పరిపాటి. కళాఖండాలు ఎలా పుట్టాయో ఈ సమాధానం చెబుతుంది. అవి అక్కడే ఎందుకు మిగిలాయో మాత్రం చెప్పదు.

ఇటలీలో ప్రతిభకూ పోషణకూ కొదవలేని ఆస్థానాలు ఇంకా ఉండేవి. మాంటువాను ఏలిన గొన్జాగా వంశీయులు తమ చిత్రసంపదలో ప్రధానభాగాన్ని 1627-28లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కు అమ్ముకున్నారు. 1649లో ఆ రాజు శిరచ్ఛేదం జరిగాక ఆ సంపద మళ్లీ అమ్మకానికి వచ్చి యూరప్ నలుమూలలకూ చెదిరిపోయింది. మోదెనా పాలకుడు మూడవ ఫ్రాంచెస్కో 1745-46లో తన చిత్రశాల నుంచి నూరు చిత్రాలను సాక్సనీ పాలకుడికి అమ్మాడు. అవి డ్రెస్డెన్ నగరానికి చేరాయి. నేడు మాంటువాకు, మోదెనాకు వెళ్లే యాత్రికుడు ఆ వంశాల వైభవాన్ని పూర్తిగా చూడాలంటే లండన్‌కూ డ్రెస్డెన్‌కూ కూడా వెళ్లవలసి ఉంటుంది. ఫ్లోరెన్స్‌కు ఆ గతి పట్టలేదు.

ఎందుకు పట్టలేదన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న. ఒక కళాఖండం ‘ఉన్నచోటే ఉంది’ అన్నప్పుడు ఆ ‘చోటు’ అనే మాటకు మూడు అర్థాలు చెప్పవచ్చు. అది పుట్టిన రాజ్యంలో ఉండడం మొదటిది. పుట్టిన ఊరిలో ఉండడం రెండవది. ఏ గోడకోసం, ఏ బలిపీఠంకోసం, ఏ కూడలికోసం దాన్ని చేశారో అక్కడే ఉండడం మూడవది. ఈ మూడింటినీ వేరుచేసి చూస్తే టస్కనీ కళాయాత్ర ఏయే నిర్ణయాలమీద నిలబడిందో, ఎక్కడ భంగపడిందో స్పష్టమవుతుంది.

1737 నాటి ఒడంబడిక

టస్కనీ గ్రాండ్ డ్యూక్‌లుగా పాలించిన మెదిచీ వంశంలో చివరివాడు జాన్ గస్తోనే. ఆయన 1737 జూలై 9న సంతానం లేకుండా మరణించాడు. యూరప్ రాజ్యాలు అప్పటికే తమలో తాము కుదుర్చుకున్న ఏర్పాటు ప్రకారం టస్కనీ లొరేన్ వంశీయుడైన ఫ్రాన్సిస్ స్టీఫెన్ వశమైంది. ఆయన హాబ్స్‌బర్గ్ వారసురాలు మరియా థెరీసా భర్త. ఆయన దృష్టి ఫ్లోరెన్స్ మీద కంటే వియన్నా మీదనే ఎక్కువ. రాజు పరాయివాడు, నివాసం పరదేశం. రెండు శతాబ్దాలకు పైగా మెదిచీ వంశం కూడబెట్టిన చిత్రాలు, విగ్రహాలు, గ్రంథాలు, రత్నాలు కొత్త రాజధానికి తరలిపోవడానికి అంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు.

ఆ వంశంలో మిగిలిన వారసురాలు జాన్ గస్తోనే అక్క అన్నా మరియా లూయిజా. ఆమె జర్మనీలోని పలాటినేట్ ఎలెక్టర్ భార్యగా ఉండి, భర్త మరణానంతరం 1717లో పుట్టింటికి తిరిగి వచ్చింది. ఆమెకూ సంతానం లేదు. రాజ్యం మీద ఆమెకు అధికారం దక్కలేదు గాని, వంశపారంపర్యంగా వచ్చిన చరాస్తి మీద హక్కు ఉంది. ఆ హక్కును ఆమె కొత్త పాలకుడికి వదులుకుంటూ 1737 అక్టోబరు 31న ఒక కుటుంబ ఒడంబడిక చేసుకుంది. అందులోని మూడవ అంశం మెదిచీ సేకరణలలో ఏ వస్తువునూ రాజధాని నుంచి గాని, గ్రాండ్ డచీ రాజ్యం నుంచి గాని బయటికి తీసుకుపోరాదని నిర్దేశించింది. అందుకు మూడు ప్రయోజనాలను కూడా పేర్కొంది: ఆ వస్తువులు రాజ్యానికి అలంకారం కావాలి, ప్రజలకు ఉపయోగపడాలి, విదేశీయుల కుతూహలాన్ని ఆకర్షించాలి.

ఈ మూడు ప్రయోజనాలలో మొదటిది ఆనాటి రాజనీతికి కొత్త కాదు. తక్కిన రెండూ గమనించదగినవి. రాజు సొత్తుగా ఉన్న దానిని ప్రజోపయోగానికి చెందినదిగా ఒక న్యాయపత్రం పేర్కొంటున్నది. అంతేకాక, దూరదేశాల నుంచి మనుషులు చూడడానికి వస్తారని, ఆ రాక ఊరికి మేలు చేస్తుందని ముందుగానే లెక్క వేస్తున్నది. కళాయాత్రను ఇంత స్పష్టంగా ఊహించిన రాజకీయ పత్రం ఆ శతాబ్దంలో అరుదు.

ఒడంబడిక అక్షరాలా అమలైందని చెప్పడానికి లేదు. మెదిచీ రత్నాలలో పేరుమోసిన ‘ఫ్లోరెంటైన్’ వజ్రం వియన్నాకు వెళ్లిపోయింది. నెపోలియన్ కాలంలో ఫ్రెంచి సేనలు 1799లో పిత్తీ రాజప్రాసాదం నుంచి చిత్రాలను పారిస్‌కు తరలించాయి. రఫాయేలు చిత్రించిన ‘కుర్చీలోని మడోన్నా’ వాటిలో ఒకటి. నెపోలియన్ పతనానంతరం 1815లో అది తిరిగి వచ్చింది. అయినప్పటికీ చిత్రాలు, విగ్రహాలలో అత్యధికభాగం విషయంలో ఆ కట్టుబాటు నిలిచింది. అన్నా మరియా లూయిజా 1743లో మరణించింది. ఆమెకు వారసులు లేరు. ఆమె వదిలివెళ్లిన కట్టుబాటుకు ఊరే వారసత్వం వహించింది.

కచేరీల భవనం చిత్రశాల కావడం

ఒడంబడిక ఫలితం మొదట కనిపించిన చోటు ఉఫిజీ. ఈ మాటకు కార్యాలయాలు, అనగా కచేరీలు, అని అర్థం. నగర పాలనాశాఖలను ఒకేచోటికి చేర్చడానికి మొదటి కోసిమో సంకల్పించిన ఈ భవన నిర్మాణం 1560లో జొర్జియో వసారి పర్యవేక్షణలో మొదలైంది. పై అంతస్తును కళావస్తువుల ప్రదర్శనకు కేటాయించినవాడు కోసిమో కుమారుడు మొదటి ఫ్రాంచెస్కో. అప్పట్లో అది పాలకుడి అనుమతి ఉన్నవారు చూసే చోటు. ఫ్రాన్సిస్ స్టీఫెన్ కుమారుడు పియెత్రో లియొపోల్దో 1769లో దానిని ప్రజల సందర్శనకు తెరిచాడు. ఒడంబడికలోని రెండవ ప్రయోజనం ముప్పై రెండేళ్లకు ఆచరణలోకి వచ్చింది.

మూడవ ప్రయోజనం ఆసరికే నెరవేరుతున్నది. ఇంగ్లండు ధనిక కుటుంబాల యువకులు చదువు ముగింపుగా ఇటలీ అంతా తిరిగి వచ్చే ఆచారం పద్ధెనిమిదవ శతాబ్దంలో బాగా విస్తరించింది. ఉఫిజీలోని ‘త్రిబూనా’ అనే అష్టకోణ మందిరాన్ని యోహాన్ జొఫానీ 1770లలో ఇంగ్లండు రాణి షార్లెట్ కోరికపై చిత్రించాడు. ఆ చిత్రంలో గోడలనిండా కళాఖండాలు, వాటి మధ్య గుంపులు గుంపులుగా నిలబడి చర్చించుకొంటున్న ఆంగ్ల యాత్రికులు కనిపిస్తారు. చూడదగిన వస్తువులతో సమానంగా చూసేవారు కూడా చిత్రవస్తువు కావడం ఇక్కడి విశేషం.

యాత్రికులకు ఏది చూడాలో చెప్పిన గ్రంథం కూడా ఫ్లోరెన్స్ నుంచే వచ్చింది. ఉఫిజీని నిర్మించిన వసారియే కళాకారుల జీవితచరిత్రలను 1550లో ప్రచురించి, 1568లో విస్తరించాడు. అరెజ్జోలో పుట్టిన ఆయన టస్కనీ కళాకారులకు పెద్దపీట వేశాడన్న విమర్శ ఉంది. ఒక పనిని చెప్పేటప్పుడు అది ఏ చర్చిలో, ఏ గోడమీద ఉందో ఆయన తరచుగా పేర్కొన్నాడు. దానివల్ల కళాచరిత్ర గ్రంథం తెలియకుండానే మార్గదర్శిని కూడా అయింది.

అయితే ఉఫిజీ అనుభవం ‘చోటు’కున్న మూడవ అర్థాన్ని ప్రశ్నలోకి తెస్తుంది. అక్కడ మడోన్నాను సింహాసనంమీద చూపే మూడు మహాచిత్రాలు ఒకే గదిలో ఉన్నాయి. చిమబూయె చిత్రం సాంతా త్రినితా చర్చికోసం, జొత్తో చిత్రం ఓన్యిసాంతి చర్చికోసం, సియెనావాడైన దూచియో 1285లో చేపట్టిన చిత్రం సాంతా మరియా నొవెల్లా చర్చిలోని భక్తసంఘంకోసం రూపొందాయి. ఒకే వరుసలో చూసినప్పుడు చిత్రకళ మలుపు తిరిగిన తీరు స్పష్టంగా తెలుస్తుంది. కాని ఆ మూడు చిత్రాలను చేసినవారు వాటిని పోల్చి చూడడానికి చేయలేదు. దీపాల వెలుగులో, ధూపం మధ్య, ప్రార్థించేవారి తలలకు ఎత్తున నిలపడానికి చేశారు. అవి రాజ్యాన్ని విడవలేదు, ఊరిని విడవలేదు, గుడిని విడిచాయి. ఒడంబడిక రక్షించగలిగింది మొదటి రెండింటినే.

గోడను వదలని చిత్రం

మూడవ అర్థంలో చోటును నిలిపింది చాలావరకు చట్టం కాదు, చిత్రరచనా పద్ధతి. ఫ్రెస్కో పద్ధతిలో తడిగా ఉన్న సున్నపు పూతమీద నీటిలో కలిపిన రంగులు వేస్తారు. పూత ఆరేకొద్దీ సున్నం గాలితో కలిసి గట్టిపడి రంగును తనలో ఇముడ్చుకొంటుంది. ఒక్కరోజులో ఎంత చిత్రించగలరో అంతమేరకే తడిపూత వేస్తారు. ఆ భాగాన్ని ఇటాలియన్‌లో ‘ఒకరోజు పని’ అన్న అర్థంలో జొర్నాతా అంటారు. ఇలా పుట్టిన చిత్రం గోడమీద ఉన్నది కాదు, గోడే అయినది. దానిని కొనుక్కొని పోవడం తేలిక కాదు. యాత్రికుడే అక్కడికి వెళ్లాలి.

సియెనా నగరపాలక భవనం ఇందుకు మేలైన నిదర్శనం. 1287 నుంచి 1355 వరకు ఆ నగరాన్ని తొమ్మిదిమంది సభ్యుల మండలి పాలించింది. భవనం ముందున్న గవ్వ ఆకారపు కూడలిని తొమ్మిది భాగాలుగా విభజించడం ఆ పాలనకు గుర్తు. మండలి సమావేశమయ్యే గదిలో అంబ్రోజియో లొరెన్‌జెత్తి 1338-39లో మూడు గోడలమీద సుపరిపాలన, దుష్పరిపాలన స్వరూపాలను, వాటి ఫలితాలను చిత్రించాడు. సుపరిపాలన వైపు అంగళ్లు, బడి, ఇంటి కప్పుమీద పనిచేసే తాపీపనివారు, నాట్యమాడే బృందం, ఊరి ద్వారం దాటితే దున్నిన పొలాలు, సరుకు మోసుకొస్తున్న పశువులు. దుష్పరిపాలన వైపు కూలిన ఇళ్లు, బీడుపడిన నేల. నాలుగో గోడకు కిటికీ ఉంది.

ఈ చిత్రాన్ని పుస్తకంలో చూసేవారికి అది నీతిబోధగా తోస్తుంది. ఆ గదిలో నిలబడినవారికి మాత్రం ఇది ఎవరిని ఉద్దేశించినదో అర్థమవుతుంది. పన్నులు, శిక్షలు, యుద్ధాలు నిర్ణయించే తొమ్మిదిమంది ఆ గోడల మధ్యనే కూర్చున్నారు. తమ నిర్ణయం ఊరినీ పొలాన్నీ ఏం చేస్తుందో వారి కళ్లెదుటే ఉంది. దీనిని మరోచోటికి తరలిస్తే రంగులు మిగలవచ్చు గాని, ఆ సంబోధన మిగలదు. చిత్రం పూర్తయిన తొమ్మిదేళ్లకు, 1348లో, ప్లేగు సియెనాను ధ్వంసం చేసింది. ప్రపంచంలోని పెద్ద ప్రార్థనాలయాలలో ఒకటిగా విస్తరించాలని 1339లో తలపెట్టిన కెథడ్రల్ పని ఆగిపోయింది. అసంపూర్ణంగా మిగిలిన ఆ గోడ నేటికీ ఊరి మధ్య నిలిచి ఉంది. ఆగిపోయిన కట్టడం కూడా ఉన్నచోటే ఉంటే చరిత్ర చెబుతుంది.

రంపపు కోత

గోడమీది చిత్రానికి ఉన్న రక్షణ చెక్కపలకమీది చిత్రానికి లేదు. సియెనా కెథడ్రల్ ప్రధాన బలిపీఠంకోసం దూచియో 1308లో మొదలుపెట్టిన ‘మయెస్తా’ను 1311 జూన్ 9న ఆయన చిత్రశాల నుంచి కెథడ్రల్‌కు ఊరేగింపుగా తీసుకుపోయారు. ముందువైపు పరివార సమేతంగా మడోన్నా, వెనుకవైపు క్రీస్తు జీవితంలోని చివరి ఘట్టాలు. రెండు వైపులా చూడదగిన ఈ మహాచిత్రాన్ని 1506లో బలిపీఠం మీదినుంచి తొలగించారు. 1771లో ముందు, వెనుక భాగాలను రంపంతో విడదీశారు.

ఆ తర్వాత కొన్ని చిన్నపలకలు ఊరు దాటాయి. నేడు ప్రధానభాగం సియెనాలోని కెథడ్రల్ మ్యూజియంలో ఉండగా, కొన్ని పలకలు లండన్‌లో, వాషింగ్టన్‌లో, న్యూయార్క్‌లో, టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఉన్నాయి. కాలక్రమంలో సాగే కథనాన్ని పలు నగరాలు తిరిగి కూర్చుకోవలసి వస్తున్నది. దీనికి పరాయి సైన్యం కారణం కాదన్నది ముఖ్యం. 1771 నాటికి ఒడంబడిక చేసి ముప్పై నాలుగేళ్లయింది. సియెనా గ్రాండ్ డచీలో భాగమే. కాని ఒడంబడిక మెదిచీ సొత్తుకు సంబంధించినది. చర్చి సొత్తుకు కాదు. ఒకే రాజ్యంలో ఒక సంపద నిలవడం, మరొకటి చీలిపోవడం ఆ పత్రం పరిధిని తేటతెల్లం చేస్తుంది.

1944: అగ్ని, ఆగిన ఫిరంగి

రెండవ ప్రపంచయుద్ధం చివరిదశలో యుద్ధరేఖ టస్కనీ మీదుగా ఉత్తరానికి జరిగింది. పీసాలో కెథడ్రల్, బాప్తిస్మ మందిరం, 1173లో మొదలైన వాలుగోపురం ఉన్న ప్రాంగణంలోనే కాంపొసాంతో అనే శ్మశానవాటిక ఉంది. దాని లోపలి గోడలమీద పధ్నాలుగు, పదిహేను శతాబ్దాల కుడ్యచిత్రాలు ఉండేవి. 1944 జూలై 27న ఫిరంగిగుండు తగిలి పైకప్పు అంటుకుంది. కప్పుమీది సీసం కరిగి గోడల వెంట కారింది. చిత్రాలు చాలావరకు దెబ్బతిన్నాయి. సెప్టెంబరులో అక్కడికి చేరిన అమెరికన్ సైనికాధికారి, చిత్రకారుడు డీన్ కెల్లర్ తాత్కాలిక కప్పు వేయించి, నేలరాలిన ముక్కలను ఏరించాడు. ఆయన చితాభస్మంలో కొంతభాగం నేడు ఆ శ్మశానవాటికలోనే ఉంది.

మిగిలిన చిత్రాలను కాపాడడానికి గోడలనుంచి ఊడదీయవలసి వచ్చింది. ఊడదీసినప్పుడు వాటి అడుగున ఎర్రమట్టితో గీసిన తొలి రేఖాచిత్రాలు బయటపడ్డాయి. సినోపియే అని పిలిచే ఆ గీతలకు 1979లో పీసాలో ప్రత్యేక మ్యూజియం ఏర్పడింది. బుఫల్మాకో రచనగా పరిశోధకులు గుర్తించిన ‘మృత్యువిజయం’ దశాబ్దాల చికిత్స తర్వాత 2018లో తిరిగి గోడకెక్కింది. గోడను వదలవలసి వచ్చినా, మళ్లీ గోడకే చేర్చాలన్న పట్టుదల ఇక్కడ కనిపిస్తుంది. మ్యూజియంలో ఉంచడం అంతకంటే సులువు.

అదే ఏడాది టస్కనీ తూర్పు అంచున ఉన్న సాన్‌సెపొల్‌క్రో మరోవిధంగా బయటపడింది. ఆ పట్టణ పాలకభవనం గోడమీద పియెరో దెల్లా ఫ్రాంచెస్కా చిత్రించిన ‘పునరుత్థానం’ ఉంది. పవిత్ర సమాధి అన్న అర్థమిచ్చే ఊరిపేరుకు అది తగిన చిత్రం. ఆల్డస్ హక్స్‌లీ 1925లో వెలువడిన తన యాత్రావ్యాసాల సంపుటిలో దానిని ప్రపంచంలోకెల్లా ఉత్తమ చిత్రంగా ప్రశంసించాడు. ఆ పట్టణంమీద ఫిరంగులు ప్రయోగిస్తున్న బ్రిటిష్ అధికారి ఆంథొనీ క్లార్క్‌కు ఊరిపేరు ఎక్కడో చదివినట్లు తోచింది. హక్స్‌లీ వ్యాసం గుర్తుకు రాగానే కాల్పులు ఆపించాడు. జర్మన్ సేన అప్పటికే ఊరు విడిచిందని తర్వాత తేలింది. ఆ ఊరిలో ఒక వీధికి నేడు ఆయన పేరుంది. క్లార్క్ ఆ చిత్రాన్ని అంతకుముందు చూసినవాడు కాదు. యాత్రారచన చదివిన జ్ఞాపకం ఒక్కటే అక్కడ పనిచేసింది. యాత్రాసాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు ఈ సంఘటనను విస్మరించలేరు.

చోటా, వస్తువా?

కళాఖండాన్ని చోటులోనే ఉంచడం ఎల్లప్పుడూ క్షేమం కాదు. మైకెలాంజెలో దావీదు విగ్రహాన్ని మొదట కెథడ్రల్ కోసం తలపెట్టారు. దానిని ఎక్కడ నిలపాలో నిర్ణయించడానికి 1504 జనవరిలో లియొనార్దో, బొత్తిచెల్లి వంటివారు సభ్యులుగా ఒక సంఘం సమావేశమైంది. చివరకు పాలకభవన ద్వారం ముందు నిలపడంతో అది మెదిచీలను వెళ్లగొట్టిన గణరాజ్యానికి చిహ్నమైంది. అర్థాన్నిచ్చింది చోటే. ఎండావానలకు పాలరాయి అరుగుతున్నందున 1873లో దానిని అకాడమీ మందిరానికి తరలించారు. 1910 నుంచి పాతచోట ప్రతిరూపం నిలబడి ఉంది. నేటి యాత్రికుడు ఒకచోట అసలు విగ్రహాన్ని, మరొకచోట దాని అసలు స్థానాన్ని చూస్తున్నాడు.

1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్‌ను ముంచెత్తినప్పుడు ఈ సమస్య తీవ్రరూపం దాల్చింది. సాంతా క్రోచెలో చిమబూయె శిలువచిత్రం రంగులో సగానికి పైగా కోల్పోయింది. బాప్తిస్మ మందిరపు తూర్పు వాకిట గిబెర్తి 1452లో పూర్తిచేసిన కాంస్యద్వారం నుంచి పది ఫలకాలలో ఐదు ఊడిపోయాయి. జాతీయ గ్రంథాలయంలో లక్షలాది గ్రంథాలు బురదపాలయ్యాయి. వాటిని చేతులతో ఎత్తిన దేశవిదేశాల యువతీయువకులను ఊరివారు ‘బురద దేవదూతలు’ అని పిలుచుకున్నారు. వసారి ‘కడపటి భోజనం’ చిత్రం మళ్లీ ప్రదర్శనకు రావడానికి సరిగ్గా యాభై ఏళ్లు, 2016 వరకు, పట్టింది. గిబెర్తి ద్వారాన్ని 1990లో పూర్తిగా తొలగించి ప్రతిరూపం అమర్చారు. అసలు ద్వారం 2012 నుంచి కెథడ్రల్ మ్యూజియంలో ఉంది.

ఈ తరలింపులను ఒడంబడికకు భంగంగా భావించనక్కరలేదు. అసలు వస్తువు అదే ఊరిలో ఉంది. దాని చోటు ఖాళీగా మిగలలేదు. గోడను వదిలినప్పుడు ఊరినైనా వదలకపోవడం ఆ పాత సూత్రానికి కాలోచితమైన వ్యాఖ్యానం.

ఉపసంహారం

టస్కనీ కళాయాత్ర ప్రతిభకు మాత్రమే కాక, తరలించరాదన్న నిర్ణయాలకు కూడా ఫలితం. రాజ్యాన్ని విడవకుండా ఆపింది 1737 ఒడంబడిక. గోడను విడవకుండా ఆపింది ఫ్రెస్కో రచనాపద్ధతి. ఈ రెండూ లేనిచోట దూచియో మయెస్తా ముక్కలైంది. యుద్ధం, వరద ఈ రక్షణలను పరీక్షించాయి. చారిత్రక, కళాసంపద రక్షణను 1948 నాటి ఇటలీ రాజ్యాంగం తొమ్మిదవ అధికరణంలో చేర్చడంతో, ఒక వంశం చేసిన కట్టుబాటు దేశమంతటికీ వర్తించే సూత్రమైంది.

అన్నా మరియా లూయిజా పేర్కొన్న మూడు ప్రయోజనాలు మాత్రం నేడు ఒకదానితో ఒకటి పోటీపడుతున్నాయి. విదేశీయుల కుతూహలం ఆమె ఊహకు అందనంతగా పెరిగింది. పాత ఫ్లోరెన్స్‌లో ఇళ్లు యాత్రికుల విడిదులుగా మారి, నివాసులకు అద్దెలు భారమై, 2023లో నగరపాలక సంస్థ చారిత్రక కేంద్రంలో కొత్త స్వల్పకాలిక అద్దెలను నిషేధించాలని నిర్ణయించవలసి వచ్చింది. మూడవ ప్రయోజనం రెండవదాన్ని మింగే స్థితి ఇది. చిత్రం గోడను విడవకుండా ఉండి, ఆ గోడచుట్టూ బతికే మనుషులు ఊరు విడిచిపోతే ఉన్నచోటే ఉందన్న మాటకు అర్థం తగ్గిపోతుంది. లొరెన్‌జెత్తి సుపరిపాలన చిత్రంలో అందమైన భవనాలు ఉన్నాయి. కాని ఆ భవనాల మధ్య అంగడి నడిపేవారు, బడిలో కూర్చున్నవారు, కప్పు కడుతున్నవారు కూడా ఉన్నారు. ఊరు అనే మాటకు సియెనా పాలకులు గోడమీద రాయించుకున్న నిర్వచనం అది.